గ్రాండ్ కాన్యన్‌లో ప్లాటో పాయింట్ నడక: నల్లగొండ, పాలమూరు నుంచి వెళ్లేవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, లోయలోకి దిగి నది కనబడే దాకా పోయొచ్చినవంట. మేం పోగలమా?" పోగలరు, కానీ మూడు నెలల ముందు నుంచి తయారైతేనే. గ్రాండ్ కాన్యన్ అంటే అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది పారే పెద్ద లోయ, నేషనల్ పార్కు. ఆ లోయ లోపల, పై నుంచి నది కనబడే బండ అంచే ప్లాటో పాయింట్. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేది ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

నేను రెండుసార్లు దిగాను. మొదటిసారి మే నెలాఖరులో, ఏ సాధనా లేకుండా. సగంలోనే తిరిగొచ్చాను. రెండేళ్ల తర్వాత అక్టోబర్‌లో, మా తోడల్లుడితో కలిసి చివరిదాకా వెళ్లాను. కింద రాసిన సలహాల్లో సగం ఆ మొదటి ఓటమి నేర్పినవే.

1. ముందు గుట్టను తలకిందులు చేసి చూడండి

మన దగ్గర ఏ గుట్టయినా ముందు ఎక్కుతాం, అలసిపోయాక దిగుతాం. ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది. పొద్దున చల్లగా, ఒంట్లో ఓపిక నిండుగా ఉన్నప్పుడు దిగుతారు. ఎండ ముదిరాక, కాళ్లు పీకుతున్నప్పుడు ఎక్కాలి. సలేశ్వరం జాతరకు వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. స్వామి దగ్గరికి దిగేటప్పుడు పాటలు, పైకి వచ్చేటప్పుడు మౌనం.

దారి పేరు బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్. లోయ దక్షిణపు అంచు మీద, అంటే సౌత్ రిమ్‌లో మొదలవుతుంది. అంకెలు ఇవీ (మైళ్లు ఒక వైపువి):

- మొదలయ్యే చోటు ఎత్తు: 6,850 అడుగులు
- ఒకటిన్నర మైళ్ల షెడ్డు (నడిచేవాళ్లు ఆగడానికి కట్టింది): అప్పటికి 1,120 అడుగులు దిగి ఉంటారు
- మూడు మైళ్ల షెడ్డు: 2,120 అడుగులు
- హవసుపాయి గార్డెన్స్, నాలుగున్నర మైళ్లు: 3,040 అడుగులు
- ప్లాటో పాయింట్, ఇంకో ఒకటిన్నర మైళ్లు: 3,080 అడుగులు

పోనూ రానూ దాదాపు 20 కిలోమీటర్లు. పార్కువాళ్లు చెప్పే సమయం 9 నుంచి 12 గంటలు. గార్డెన్స్ నుంచి పాయింట్ దాకా దాదాపు చదునే. అసలు దిగుడంతా, అంటే అసలు ఎక్కుడంతా, మొదటి నాలుగున్నర మైళ్లలోనే ఉంది.

మన లెక్కలో చెప్పాలంటే, భువనగిరి కోటను ఒకే రోజు ఆరుసార్లు ఎక్కినట్టు. అదీ ముందు పన్నెండు కిలోమీటర్లు నడుచుకుంటూ వచ్చి.

పాయింట్ చివర నిలబడితే కొలరాడో నది ఇంకా 1,300 అడుగుల కింద కనిపిస్తుంది. అక్కడి నుంచి నదిని చూడటమే మన పని. "ఇంత దూరం వచ్చినం, నీళ్లలో కాలు పెట్టి పోదాం" అనేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. అంచు నుంచి నదికి దిగి అదే రోజు పైకి రావద్దని పార్కువాళ్లే బోర్డులు పెట్టారు. ఏటా 250 మందికి పైగా జనాన్ని ఆ లోయ నుంచి కాపాడి తీసుకురావాల్సి వస్తోందని కూడా అక్కడే రాసి ఉంటుంది.

2. నెల ఎంచుకోండి

"మనకు ఎండ కొత్తా?" ఇదీ మనవాళ్ల మొదటి మాట. రోహిణి కార్తెలో తిరిగినవాళ్లం, నిజమే. కానీ ఆ ఎండలో మనం మధ్యాహ్నం పూట మూడు వేల అడుగులు ఎక్కం. నీడ చూసుకుని పడుకుంటాం.

లోయలో వేడి పైన ఒకలా, కింద ఒకలా ఉంటుంది. జూలైలో అంచు మీద హాయిగా ఉన్నా, అడుగున సగటు పగటి వేడి 41 డిగ్రీలు, అదీ నీడలో. గాలిలో తడి ఉండదు కాబట్టి చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంది కదా, చెమట పోలేదనుకుంటాం. చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు కనబడినప్పుడు గానీ సంగతి తెలియదు.

- మే నుంచి సెప్టెంబర్ దాకా: ఒక్కరోజులో ప్లాటో పాయింట్ వద్దు. పార్కు సలహా కూడా అదే. జూలై నుంచి సెప్టెంబర్ మధ్యలో పిడుగులు, ఉన్నట్టుండి వచ్చే వరదలు అదనం.
- అక్టోబర్: నా ఓటు దీనికే. అంచు మీద తెల్లవారుజామున 2 డిగ్రీలు, లోయ అడుగున మధ్యాహ్నం 29 దాకా.
- మార్చి, ఏప్రిల్: మంచిదే. పై మలుపుల్లో మంచు మిగిలి ఉండొచ్చు.
- డిసెంబర్ నుంచి ఫిబ్రవరి: పై మైళ్లలో మంచు గడ్డకట్టి అద్దంలా ఉంటుంది. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు లేకుండా అడుగు పెట్టొద్దు.

3. దారి, నీళ్లు, ఖర్చు: బుక్ చేసేముందే చూసుకోవాల్సినవి

లోయలో కొళాయిలకు నీళ్లు తెచ్చే పైపులైను పాతది, తరచూ పగులుతుంది. దాన్ని మార్చే పనుల వల్ల 2023 చివరి నుంచి ప్లాటో పాయింట్ దారిని నెలల తరబడి మూసిన సందర్భం కూడా ఉంది. కాబట్టి విమానం టికెట్ కన్నా ముందు పార్కు వెబ్‌సైట్ చూడాలి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం మళ్లీ చూడాలి.

రెండు షెడ్ల దగ్గరా కొళాయిలు చలికాలంలో కట్టేస్తారు. గార్డెన్స్‌లో మామూలుగా ఏడాదంతా వస్తాయి. పైపు పగిలితే అక్కడా రావు. పక్కనే వాగు పారుతుంది కానీ ఆ నీళ్లు వడకట్టకుండా తాగకూడదు. చిన్న చేతి ఫిల్టర్ ఒకటి సంచిలో పడేయండి.

పగటి నడకకు పర్మిట్ అక్కర్లేదు, రాత్రి లోపల ఉండాలంటే కావాలి. కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకు, అంటే మనలాంటి విజిటర్ వీసా అమ్మానాన్నలకు, మనిషికి 100 డాలర్లు అదనం. ఇంకో రెండు మూడు పార్కులు కూడా చూసే ఉద్దేశముంటే 250 డాలర్ల ఏడాది పాస్ గురించి పిల్లల్ని అడగండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో కొండ నడక, హెలికాప్టర్ ఖర్చు కవర్ అవుతాయో లేదో కూడా చదివించుకోండి.

4. సాధన: మన గుట్టల మీద పన్నెండు వారాలు

నడక అక్కడ జరిగినా, పని అంతా ఇక్కడే. ట్రెడ్‌మిల్ మీద చేసింది ఇందులో పెద్దగా పనికిరాదు. ట్రెడ్‌మిల్‌కు దిగుడు ఉండదు.

*మొదటి నాలుగు వారాలు.* వారానికి మూడు పొద్దులు గుట్ట. నల్లగొండవాళ్లకు లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు ఊళ్లోనే ఉన్నాయి. పాలమూరు వైపు వాళ్లకు కోయిల్‌కొండ కోట, దేవరకొండవాళ్లకు వాళ్ల కోటే. సంచి వద్దు, వేగం వద్దు. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగే వేగమే మీ వేగం. మాట తెగితే ఎక్కువ వేగంగా పోతున్నట్టు.

*ఐదు నుంచి ఎనిమిది.* అదే గుట్ట, ఒకే పూట రెండుసార్లు, తర్వాత మూడుసార్లు. సంచిలో నీళ్ల సీసాలు పెట్టి ఐదు కిలోలు మోయండి. మోకాళ్లు పట్టేస్తే పైకి నిండు సీసాలతో ఎక్కి, పైన నీళ్లు చెట్లకు పోసి ఖాళీగా దిగండి.

*తొమ్మిది నుంచి పన్నెండు.* దీన్ని చాలామంది వదిలేస్తారు. ముందు అలసిపోవాలి, తర్వాత ఎక్కాలి. మేం తెల్లవారుజామున పానగల్ ఉదయసముద్రం కట్ట వైపు పది కిలోమీటర్లు నడిచి, ఎండ పొడిచాక గుట్ట ఎక్కేవాళ్లం. మొదటి ఆదివారం మా తోడల్లుడు సగం మెట్ల మీద కూర్చుని, "ఇది నడకనా, పగనా?" అన్నాడు. లోయలో మూడు మైళ్ల షెడ్డు దాటాక ఆ మాటే గుర్తుచేసుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

పరీక్ష ఒకటి పెట్టుకోండి. బయల్దేరడానికి మూడు వారాల ముందు, ఐదు కిలోల సంచితో భువనగిరి కోటను ఒకే పూట మూడుసార్లు ఎక్కి దిగండి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తే, ప్లాటో పాయింట్ మానుకుని మూడు మైళ్ల షెడ్డు దాకా ప్లాన్ చేసుకోండి. అదీ చిన్న నడకేం కాదు.

మోకాళ్ల గురించి ఒక మాట. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా తరంలో కీళ్లు బిగుసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లు ఎముకల డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. బీపీకి నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆ రోజు మందులు ఎలా వేసుకోవాలో ముందే రాయించుకోండి.

5. సంచి సర్దడం

బూట్లు ఇక్కడే కొని, కనీసం వంద కిలోమీటర్లు తొక్కినవే తీసుకెళ్లండి. అర సైజు పెద్దవి కావాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. నడకకు నాలుగు రోజుల ముందు గోళ్లు కత్తిరించుకోండి, ముందు రాత్రి కాదు.

- నీళ్లు: మూడు లీటర్లు పట్టే సీసాలు. కొళాయిలు బంద్ అని తెలిస్తే నాలుగు, పైన ఫిల్టర్
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు
- చేతికర్రలు రెండు. ముసలితనం అనుకుని సిగ్గుపడొద్దు, మోకాలి మీద పడే బరువులో కొంత అవి మోస్తాయి
- తలకు కట్టుకునే టార్చ్, వేరే బ్యాటరీలు
- అంచున్న టోపీ, నూలు తువ్వాల
- పొద్దుటి చలికి స్వెటర్, పల్చటి గాలి కోటు
- రెండో జత సాక్సులు, బొబ్బలకు అంటించే టేపు
- మీ మందులు, విజిల్, కాగితం మీద దారి పటం. లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు
- చెత్తకు ఖాళీ కవరు

తిండి విషయానికొస్తే, అక్కడ అమ్మే ఎనర్జీ బార్లు కొన్నాం, రెండో ముక్క దిగలేదు. ఎండలో తీపి ఎక్కువ నోటికి పోదు. ఉప్పున్నవే ఎక్కువ పోతాయి. సకినాలు, కారప్పూస, ఉప్పు పల్లీలు, పులిహోర పొట్లం. పల్లిపట్టీలు నాలుగు, ఎక్కేటప్పుడు నోట్లో వేసుకోవడానికి. మలీద ముద్దలు కూడా బాగా నిలబెడతాయి, కాకపోతే వాటి వెంట నీళ్లు ఎక్కువ తాగాల్సి వస్తుంది.

తినేటప్పుడు ఉడుతలు మీదికొస్తాయి. ముద్దొస్తున్నాయని పెట్టారో, వేలు కొరుకుతాయి. ఆ పార్కులో ఉడుత కాట్లు మామూలే.

6. ముందు రోజు

ఫీనిక్స్ నుంచి కారులో నాలుగు గంటలు. ఆ రోజే వచ్చి మర్నాడే దిగొద్దు, ఒక రోజు మధ్యలో పెట్టుకోండి. నల్లగొండ కన్నా లోయ అంచు చాలా ఎత్తులో, సముద్ర మట్టానికి 2,000 మీటర్లు దాటి ఉంటుంది. రెండు మెట్లెక్కితే ఆయాసం రావడం అందుకే. సాయంత్రం అంచు మీద మెల్లగా ఓ గంట తిరిగితే చాలు.

- మొదలయ్యే చోటు చూసి రండి. బ్రైట్ ఏంజెల్ లాడ్జ్‌కు పడమర, కోల్బ్ స్టూడియో పక్కన
- పార్కు ఆఫీసులో కొళాయిల సంగతి, రేపటి వాతావరణం అడగండి
- పైన ఉండిపోయే ఇంటివాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి: ఎక్కడిదాకా, ఎన్నింటికి వస్తాం, ఎన్ని దాటితే రేంజర్‌ను, అంటే పార్కు కాపలా సిబ్బందిని పిలవాలి
- గడియారం చూసుకోండి. అరిజోనాలో ఎండాకాలం సమయం మార్చరు, పక్క రాష్ట్రాల నుంచి వస్తే గంట తేడా పడొచ్చు

7. నడక రోజు, గంటల వారీగా

ఇది మేం అక్టోబర్ నడిమిలో పాటించిన వరస.

*5:30.* టార్చ్ వెలుగులో బయల్దేరాం. పొద్దు ఆరున్నరకు పొడుస్తుంది. మొదటి గంటలో ఫోటోలు వద్దు, చలికి చేతులూ వణుకుతాయి. అడుగులు చిన్నగా వేయండి, మోకాలు కొద్దిగా వంచి ఉంచండి.

*8:30 దాకా.* రెండు షెడ్లూ దాటి గార్డెన్స్ చేరాలి. రెండు షెడ్ల దగ్గరా మరుగుదొడ్లు ఉన్నాయి, వాడుకోండి. దారిలో కంచరగాడిదల బారులు ఎదురొస్తాయి. అంచు వైపు కాదు, కొండ వైపు ఒరిగి కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలి. తోలేవాళ్లు చెప్పినట్టు చేయాలి. చివరిది యాభై అడుగులు దాటాకే కదలాలి.

*8:30 నుంచి 9:00.* గార్డెన్స్‌లో కాటన్‌వుడ్ చెట్ల నీడ ఉంది. తినండి, నీళ్లు నింపండి, సాక్సులు మార్చండి. మీరు ఎలా ఉన్నారో ఇక్కడ నిజాయితీగా చూసుకోవాలి. ఎలా అన్నది పదో భాగంలో ఉంది.

*9:45 కల్లా ప్లాటో పాయింట్.* ఈ ముక్కలో చెట్టు నీడన్నది లేదు. ఆకాశంలో ఉరుము వినిపిస్తే వెంటనే వెనక్కి. పాయింట్ దగ్గర ఇనుప కమ్ములు కొంత మేరే ఉంటాయి, మిగతా అంతా ఉత్త బండ అంచు. అరగంట కూర్చోండి. సోమశిల దగ్గర కృష్ణను పై నుంచి చూసినవాళ్లకు కూడా ఆ లోతు కొత్తగానే ఉంటుంది.

*11:00.* మళ్లీ గార్డెన్స్. ఎండ ఎక్కువగా ఉంటే ఇక్కడే మూడింటి దాకా ఆగిపోవచ్చు, టార్చ్ ఉంది కాబట్టి చీకటి పడినా ఇబ్బంది లేదు. మాకు ఆ రోజు మబ్బు కమ్మింది, ఇరవై నిమిషాల్లోనే లేచాం.

8. ఎక్కడం

దిగడానికి పట్టిన సమయానికి రెండింతలు పడుతుంది. అంటే నాలుగున్నర మైళ్లకు ఐదారు గంటలు. ఇది ముందే మనసులో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

- బయల్దేరే ముందు టోపీ, తువ్వాల, చొక్కా వాగులో ముంచి తడిపేయండి. ఎండలో తడి నూలే ఏసీ. చలిలో మాత్రం అదే నూలు ప్రమాదం, పైకి వెళ్లేకొద్దీ పొడి బట్టల్లోకి మారండి
- గంటకోసారి పది నిమిషాలు కూర్చుని కాళ్లు బండ మీద ఎత్తి పెట్టండి. తర్వాతి గంట ఎంత తేలిగ్గా గడుస్తుందో చూడండి
- ఆకలి లేకపోయినా అరగంటకోసారి ఏదో ఒకటి నమలండి
- పైకి చూడొద్దు. తర్వాతి మలుపు దాకానే చూడండి

గార్డెన్స్ నుంచి మూడు మైళ్ల షెడ్డు దాకా ఉండే మలుపులు అన్నిటికన్నా కష్టం. ఆ షెడ్డు దాటాక గాలి చల్లబడుతుంది. చివరి ఒకటిన్నర మైళ్లలో అంచు మీద మనుషుల మాటలు వినిపిస్తుంటాయి, వచ్చేశాం అనిపిస్తుంది. రాలేదు. ఇంకో 1,120 అడుగులు ఉంది. ఒక ముద్ద తిండి, అర లీటరు నీళ్లు దీనికోసం దాచండి.

9. మనవాళ్లు చేసే పొరపాట్లు

*ఉత్త నీళ్లు తాగడం.* నేను మొదటిసారి చేసింది ఇదే. దాహం లేకపోయినా తాగమన్నారని లీటర్ల కొద్దీ తాగాను, ఏమీ తినలేదు. మూడు మైళ్ల షెడ్డు దగ్గర కడుపులో తిప్పి, తల దిమ్మెక్కింది. ఒంట్లో ఉప్పు పలచబడితే వచ్చే లక్షణాలు కూడా ఎండదెబ్బలాగే ఉంటాయి. మాటిమాటికీ తెల్లటి మూత్రం, కడుపులో తిప్పడం, మతి తప్పినట్టు మాట్లాడటం కనిపిస్తే నీళ్లు ఆపి ఉప్పున్న తిండి పెట్టాలి. నన్ను ఎవరో అపరిచితుడు తన ఉప్పు బిస్కెట్లతో కూర్చోబెట్టాడు. గంటలో తేరుకున్నాను.

*మూత్రం తగ్గడం, రంగు ముదరడం.* ఇది దీనికి ఎదురు. నీడకు చేరి, ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగాలి, బట్టలు తడపాలి. ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడుతుంటే నీళ్లతో తడుపుతూ, విసురుతూ, ఒకరిని రేంజర్ దగ్గరికి పంపాలి. గార్డెన్స్‌లో రేంజర్ స్టేషన్ ఉంది.

*పిల్లల వేగంతో పోవడం.* అల్లుడు ముందు పోతుంటే, "మామయ్యా, రండి రండి" అంటుంటే పరువు కోసం పరుగెత్తొద్దు. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లను ముందు పెట్టండి.

*బొబ్బ వచ్చాక చూద్దామనుకోవడం.* కాలు వేడిగా రాసుకుంటున్నట్టు అనిపించగానే ఆగి టేపు వేయండి.

10. ఎక్కడ వెనక్కి తిరగాలి

తిండి, నీళ్లు, ఓపిక మూడు వంతులు చేసుకోండి. ఒక వంతు దిగడానికి, రెండు వంతులు ఎక్కడానికి. కింద రాసిన వాటిలో ఒక్కటి నిజమైనా, ఉన్నచోటు నుంచే తిరగండి:

- మూడు మైళ్ల షెడ్డుకు చేరేసరికి ఒక వంతు నీళ్లు అయిపోయాయి
- గార్డెన్స్‌కు 9:30 దాటాక చేరారు
- దిగేటప్పుడే మోకాలు కుంటుతోంది
- గుంపులో ఒకరు తినలేకపోతున్నారు

అలా తిరిగినవాళ్లకు కూడా లోయ కనబడుతుంది. మొదటిసారి నాకు కనబడింది.

పైకొచ్చాక ఆ రాత్రి కారు నడపొద్దు, అంచు మీదే గది తీసుకోండి. గది కింది అంతస్తులో ఉండేలా అడగండి. మేం అడగలేదు, పై అంతస్తుకు సంచీలు మోయడానికి మా తోడల్లుడు పావుగంట బేరమాడాడు.